పెర్న్ డ్రాగన్లు: శరీరం, మనసు, సమాజం

అమెరికాలో పుట్టి ఐర్లండ్‌లో స్థిరపడిన రచయిత్రి ఆన్ మెకాఫ్రీ (1926–2011) తన నవలల్లో సృష్టించిన ప్రాణిజాతి పెర్న్ డ్రాగన్లు. ఇవి ఎగురుతాయి, నిప్పు కక్కుతాయి, మనుషులతో మనసు నుంచి మనసుకు మాట్లాడతాయి, ఒకచోట మాయమై క్షణాల్లో ఇంకోచోట తేలతాయి. యూరప్ పాత కథల్లో డ్రాగన్ అంటే నిధికి కాపలా కాస్తూ ఊళ్లు తగలబెట్టే మృగం. పెర్న్‌లో ఊళ్లను కాపాడేదే డ్రాగన్. నిప్పు అదే, రెక్కలు అవే. కానీ ఆ నిప్పు ఎవరి మీద, ఎందుకు అన్న ప్రశ్నకు మెకాఫ్రీ ఇచ్చిన జవాబు కొత్తది.

ఈ జాతి మొదట కనిపించింది అమెరికన్ పత్రిక అనలాగ్ 1967 అక్టోబరు సంచికలో, ‘వెయిర్ సెర్చ్’ అనే పెద్ద కథలో. ఆ కథకు 1968లో హ్యూగో పురస్కారం ఫిలిప్ హోసే ఫార్మర్ రచనతో కలిపి దక్కింది. కాల్పనిక రచనకు హ్యూగో అందుకున్న తొలి మహిళ మెకాఫ్రీయే. దాని తర్వాతి భాగం ‘డ్రాగన్‌రైడర్’కు నెబ్యులా పురస్కారం వచ్చింది. రెండూ కలిసి 1968లో ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవల అయ్యాయి. తర్వాత నాలుగు దశాబ్దాల పాటు ఆమె, చివరి రోజుల్లో ఆమె కుమారుడు టాడ్ మెకాఫ్రీ, ఈ లోకం గురించి రాస్తూనే వచ్చారు.

పుస్తకాల దుకాణాలు వీటిని ఫాంటసీ అరల్లో పెడతాయి. మెకాఫ్రీ మాత్రం తాను రాసింది సైన్స్ ఫిక్షన్ అని చివరిదాకా పట్టుబట్టారు. ఆ పట్టుదలకు ఆధారం డ్రాగన్ల శరీరంలోనే ఉంది.

పుట్టుక

పెర్న్ అనేది రుక్‌బాట్ అనే నక్షత్రం చుట్టూ తిరిగే మూడో గ్రహం. రుక్‌బాట్ నిజమైన నక్షత్రమే, ధనుస్సు రాశిలో ఉంది. అయితే ఆకాశంలో ఉన్నది వేడి ఎక్కువైన నీలి తెలుపు నక్షత్రం, నవలల్లో ఉన్నది మన సూర్యుడి లాంటి పసుపు నక్షత్రం. ఆ సూర్యుడి ఆకర్షణలో చిక్కుకున్న ఒక బయటి గ్రహం దాదాపు 250 ఏళ్లకొకసారి పెర్న్ దగ్గరికి వస్తుంది. పెర్న్ జనం దాన్ని రెడ్ స్టార్ అంటారు. అది దగ్గరగా ఉన్న 50 ఏళ్లూ ఆకాశం నుంచి ‘థ్రెడ్’ రాలుతుంది. థ్రెడ్ అంటే శిలీంధ్రం లాంటి జీవి. వెండి దారాల్లా నేల మీద పడి పైరు, పశువు, మనిషి అన్న తేడా లేకుండా ప్రాణమున్న దేన్నైనా తినేస్తుంది. రాయినీ లోహాన్నీ ఏమీ చేయలేదు. నీళ్లలో మునిగితే చస్తుంది, గడ్డకట్టే చలికి చస్తుంది, నిప్పుకు చస్తుంది.

భూమి నుంచి మూడు నౌకల్లో వచ్చి పెర్న్‌లో స్థిరపడిన వలసజనానికి ఈ సంగతి ముందుగా తెలియదు. వచ్చిన ఎనిమిదేళ్లకు మొదటి థ్రెడ్ రాలింది. ఉన్న యంత్రాలూ ఇంధనమూ ఎన్నాళ్లో రావని తేలింది. తనంతట తాను పిల్లల్ని పెట్టి పెరిగే రక్షణ కావలసి వచ్చింది. ఆ గ్రహం మీద ఫైర్ లిజార్డ్ అనే చిన్న ప్రాణి ముందే ఉంది. భుజం మీద కూర్చోబెట్టుకునేంత ఉంటుంది, ఒక రకం రాయి నమిలి నిప్పు ఊదుతుంది, గుడ్డు పగిలిన క్షణంలో ఆకలి తీర్చిన మనిషిని వదలదు. కిట్టి పింగ్ యుంగ్ అనే వృద్ధ జన్యు శాస్త్రవేత్త ఆ ప్రాణి జన్యువులను మార్చి, మనిషిని మోయగల జాతిని తయారు చేస్తుంది. పని ముగిసే ముందే ఆమె చనిపోతుంది. మనవరాలు విండ్ బ్లాసమ్ దాన్ని ముందుకు తీసుకెళ్తుంది. ఇదంతా 1988లో వచ్చిన ‘డ్రాగన్స్‌డాన్’ కథ. తొలి కథలు జరిగే కాలానికి ఈ సంగతులన్నీ దాదాపు 2500 ఏళ్ల నాటివి, జనం పూర్తిగా మరిచిపోయినవి.

ఈ పుట్టుక కథ వల్ల జీవశాస్త్రపరంగా ఒక చిక్కుముడి విడిపోతుంది. భూమి మీద వెన్నెముక ఉన్న నేలజంతువులన్నీ నాలుగు అవయవాల నమూనాలోనే పుట్టాయి. పక్షికీ గబ్బిలానికీ రెక్కలంటే ముందుకాళ్లే. నాలుగు కాళ్లూ రెండు రెక్కలూ ఉన్న బొమ్మల డ్రాగన్ ఈ లెక్కకు ఒదగదు. పెర్న్‌లో మాత్రం ఆరు అవయవాలు ఉండటమే మామూలు. అక్కడి పెద్ద పక్షుల్లాంటి వెరీలకూ ఆరే. డ్రాగన్ ఆ గ్రహానికి చుట్టం కాబట్టి దానికీ ఆరు.

దేహం

పెర్న్ డ్రాగన్‌కు పొలుసులు ఉండవు. తోలు మెత్తగా, తడిమితే ఒత్తైన మఖ్మల్‌లా ఉంటుంది, మసాలా దినుసుల వాసన వేస్తుంది. ఆ తోలే దాని బలహీనత కూడా. పిల్ల డ్రాగన్ ఎంత వేగంగా పెరుగుతుందంటే, తోలు శరీరంతో సమానంగా సాగలేక పొడిబారి పగుళ్లిస్తుంది. అందుకని రౌతు రోజూ దానికి స్నానం చేయించి ఒళ్లంతా నూనె పట్టించాలి. పగులును మాననివ్వకపోతే తర్వాత గడ్డకట్టే చలిలోకి దూకినప్పుడు అక్కడే చిట్లుతుంది. కొత్త రౌతుకు యుద్ధవిద్య కంటే ముందు అబ్బేది ఈ నూనెపనే. మెకాఫ్రీ నవలల్లో డ్రాగన్ల గురించిన అందమైన భాగాలు చాలావరకు పోరాటాలు కావు. చెరువులో ఇసుకతో ఒళ్లు తోమించుకుంటూ, రెక్క కింద ఫలానా చోట ఇంకా దురదగా ఉందని చెప్పే డ్రాగన్లవి.

రక్తం ఆకుపచ్చ. ఎముకల్లో బోరాన్ ఉంటుంది, అందుకే అవి తేలికగానూ గట్టిగానూ ఉంటాయి. కళ్లు ఈగ కళ్లలా అనేక పలకలతో ఉండి లోపల రంగులు సుడి తిరుగుతుంటాయి. హాయిగా ఉంటే నీలం, ఆకుపచ్చ. కోపానికీ ఆకలికీ ఎరుపు. భయానికి పసుపు. నొప్పికి బూడిదరంగు. ముఖకవళికలు లేని జంతువు మనసును పాఠకుడు చదవడానికి రచయిత్రి ఏర్పాటు చేసిన కిటికీ ఇది. పరిమాణం విషయంలో పుస్తకాలు ఒక్క మాట మీద లేవు. అడుగులా మీటర్లా అన్న వాదం అభిమానుల మధ్య ఏళ్ల తరబడి నడిచింది. తరం తరానికీ డ్రాగన్లు పెద్దవవుతూ వచ్చాయన్నదీ, కిట్టి పింగ్ అనుకున్న కొలతను అవి దాటిపోయాయన్నదీ మాత్రం కథలోనే ఉంది.

డ్రాగన్‌కు రెండు పొట్టలు. ఒకటి తిండికి, రెండోది ఫైర్‌స్టోన్‌కు. ఆ రాతిలో ఫాస్ఫీన్ ఉంటుంది. నమిలి మింగితే రెండో పొట్టలో వాయువు పుడుతుంది, త్రేన్పుగా బయటికి వచ్చి గాలి తగలగానే మండుతుంది. పోరాటం అయ్యాక మిగిలిన మడ్డిని కక్కేయాలి. నిప్పు డ్రాగన్‌లో సహజంగా ఊరదు, ప్రతిసారీ మేతలా పెట్టాల్సిందే. కాబట్టి థ్రెడ్ రాలే రోజున ఆకాశంలో రాళ్ల సంచులు మోసుకొచ్చి అందించే కుర్ర రౌతులు కావాలి, గనులు కావాలి, లెక్కలు కావాలి. ఒక్క పొట్ట చుట్టూ ఒక సరఫరా వ్యవస్థే నిలబడింది.

థ్రెడ్ తాకితే డ్రాగన్‌కూ కాలుతుంది. రెక్క పొర జల్లెడ అవుతుంది. దానికి మందు నంబ్‌వీడ్ అనే మొక్క. ఉడికిస్తుంటే డ్రాగన్లూ రౌతులూ ఉండే వెయిర్ అంతా భరించలేని కంపు. పూసిన వెంటనే నొప్పి మాయం.

రంగులు

డ్రాగన్లలో ఐదు రంగులు: బంగారు, కంచు, గోధుమ, నీలం, ఆకుపచ్చ. బంగారువి రాణులు, అన్నిటికంటే పెద్దవి, అన్నిటికంటే తక్కువ. ఆకుపచ్చవి కూడా ఆడవే, అందరిలో చిన్నవి, చురుకైనవి, సంఖ్యలో అందరికంటే ఎక్కువ. కంచు, గోధుమ, నీలం మగవి, పరిమాణంలో ఆ వరుసలోనే.

ఫైర్‌స్టోన్ నమిలితే ఆడ డ్రాగన్ గొడ్డుబోతుంది. ఆకుపచ్చవి నములుతాయి, కాబట్టి పోరాడతాయి, గుడ్లు పెట్టవు. రాణులు నమలవు, కాబట్టి గుడ్లు పెడతాయి. థ్రెడ్ రాలినప్పుడు రాణులు అందరికంటే కింద ఎగురుతాయి. పై వరుసలు తప్పించుకుని జారిన దారాలను వాటి రౌతులు నైట్రిక్ ఆమ్లం నింపిన పరికరాలతో కాలుస్తారు. జాతి సంఖ్య అదుపు తప్పకుండా, సైన్యం తగ్గకుండా ఒకే రాయి రెండు పనులూ చేస్తుంది. ఈ శ్రేణిలో సగం శరీరధర్మం, సగం ఇంజనీరు ప్రణాళిక. పెర్న్ జనం మాత్రం తరతరాలుగా దాన్ని ప్రకృతి న్యాయంగానే నమ్మారు. గోధుమ డ్రాగన్ రాణిని కోరడం తగదన్నారు. ఆకుపచ్చ డ్రాగన్ మగపిల్లలకే దక్కుతుందన్నారు. ‘ది వైట్ డ్రాగన్’లో మిర్రిమ్ అనే అమ్మాయిని పాత్ అనే ఆకుపచ్చ డ్రాగన్ ఎంచుకున్నప్పుడు పెద్దలు విస్తుపోయారు. తొలి రోజుల్లో ఆకుపచ్చ డ్రాగన్లకు మహిళా రౌతులు ఉండేవారన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తులేదు.

రూత్ అనే డ్రాగన్ ఒక్కడే ఈ ఐదింటిలో దేనికీ చెందడు. తెల్లనివాడు, మరీ చిన్నవాడు, జతకట్టడం మీద ఆసక్తే లేనివాడు. పగలని ఆ బుల్లి గుడ్డును ఇక చచ్చిందని అందరూ వదిలేస్తే, వేడుక చూడ్డానికి వచ్చిన జాక్సమ్ అనే కుర్రాడు కిందికి దూకి పెంకు పగలగొడతాడు. ఆ కుర్రాడు రువాతా అనే సంస్థానానికి వారసుడు. సంస్థానాధిపతి రౌతు కాకూడదు, రౌతు సంస్థానాధిపతి కాకూడదు. ‘ది వైట్ డ్రాగన్’ నవల అంతా ఈ చిక్కు మీదే నడుస్తుంది. 1978లో వచ్చిన ఆ పుస్తకం న్యూయార్క్ టైమ్స్ అత్యధిక అమ్మకాల జాబితాకెక్కిన తొలి సైన్స్ ఫిక్షన్ నవలల్లో ఒకటి.

గుడ్డు పగిలే వేళ

రాణి పెట్టిన గుడ్లు వేడి ఇసుక మీద దాదాపు ఐదు వారాలు ఉంటాయి. బంగారు గుడ్డు ఉంటే తల్లి దాన్ని మిగతావాటికి దూరంగా దొర్లించి విడిగా కాపలా కాస్తుంది. గడువు దగ్గరపడగానే వెయిర్‌లోని డ్రాగన్లన్నీ గొంతులోంచి ఒక హోరు అందుకుంటాయి. ఆ హోరు వినగానే ఎంత రాత్రైనా జనం పరుగెత్తుకొస్తారు. తెల్లబట్టలు వేసుకున్న పిల్లలు కాలే ఇసుక మీద వరుసగా నిలబడతారు.

పెంకు పగిలి బయటపడ్డ పిల్ల డ్రాగన్ తడబడుతూ వరుస వెంట వెళ్లి ఒకరి ముందు ఆగుతుంది, కళ్లలోకి చూస్తుంది. ఆ క్షణంలో రెండు మనసులూ ముడిపడతాయి. పెర్న్ భాషలో దీని పేరు ఇంప్రెషన్. ఎంచుకునేది డ్రాగనే. తన పేరు తానే చెబుతుంది, ఆ పేరు ‘త్’ శబ్దంతో ముగుస్తుంది: రామోత్, నెమెంత్, కాంత్. ఆ వెంటనే చెప్పేది తనకు ఆకలేస్తోందని. మగ రౌతు పేరు కూడా ఆ రోజుతో మారుతుంది. ఫల్లార్నాన్ అన్నవాడు ఫ్లార్ అవుతాడు. పోరు మధ్యలో పొడుగు పేర్లు పలికే తీరిక ఉండదు.

పుట్టుకతోనే డ్రాగన్‌కు పూర్తి మాట ఉంటుంది. బిడ్డలా ఒక్కో పదం నేర్చుకోనక్కర్లేదు. అయితే ఆ మాట చెవికి వినిపించదు, తన రౌతు మనసుకే చేరుతుంది. మరో డ్రాగన్‌తో ఎంత దూరం నుంచైనా మాట్లాడగలదు. కాబట్టి గ్రహం ఆ కొసన ఉన్న మనిషికి కబురు పంపాలంటే నా డ్రాగన్ నీ డ్రాగన్‌కు చెబుతుంది, అది నీకు చెబుతుంది. రాణి డ్రాగన్ల రౌతులైన లెస్సా, మొరెటా, బ్రెక్కీ లాంటి కొద్దిమంది మాత్రమే ఏ డ్రాగన్ మాటైనా వినగలరు.

ఇంప్రెషన్ దొరకని పిల్ల డ్రాగన్ బతకదు. రౌతు చనిపోతే డ్రాగన్ తనంతట తాను చావులోకి ఎగిరిపోతుంది. డ్రాగన్ చనిపోతే రౌతు బతకొచ్చు, కానీ ఆ బతుకు ఎలాంటిదో లైటాల్ పాత్రను చూస్తే తెలుస్తుంది. తన లార్త్‌ను పోగొట్టుకుని నేతపని పట్టి, తర్వాత జాక్సమ్‌కు సంరక్షకుడై, డ్రాగన్ ఎదురుపడితే ముఖం బిగబట్టుకునే మనిషి అతను.

ఈ నియమాన్ని మెకాఫ్రీ ఎంత దూరం తీసుకెళ్లగలరో 1983 నాటి ‘మొరెటా’లో కనిపిస్తుంది. మహమ్మారి చెలరేగి మనుషులు, గుర్రాల్లాంటి సవారీ జంతువులు చచ్చిపోతున్న కాలం. టీకామందు ఒక్క రోజులో గ్రహమంతా అందించాలి. మొరెటా డ్రాగన్ ఆర్లిత్ గుడ్ల దగ్గర ఉంది, కదలలేదు. అందుకని మొరెటా తన ముసలి స్నేహితురాలు లెరీ డ్రాగన్ హోల్త్ మీద బయల్దేరుతుంది. డ్రాగన్లకున్న శక్తితో కాలంలోనూ వెనక్కీ ముందుకూ దూకుతూ పని పూర్తి చేస్తుంది. ఆఖరిసారి దూకినప్పుడు, ఇద్దరూ అలసి ఉండగా, గమ్యం మనసులో సరిగా నిలవక, హోల్త్‌తో సహా మాయమైపోతుంది. ఇటు రౌతు పోయిన ఆర్లిత్, అటు డ్రాగన్ పోయిన లెరీ మిగిలారు. నియమం ప్రకారం ఇద్దరూ అప్పుడే వెళ్లిపోవాలి. కానీ గుడ్లు ఇంకా పగల్లేదు. పిల్లలు బయటికొచ్చేదాకా ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడుగా ఆగి, తర్వాత కలిసి వెళ్లిపోతారు. డ్రాగన్ బుద్ధికీ బాధ్యతకూ ఈ మొత్తం సాహిత్యంలో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం కనపడదు. దుఃఖం వల్ల చనిపోయే జంతువు మామూలు. దుఃఖాన్ని కొన్నాళ్లు వాయిదా వేసుకునే ప్రాణికి మనసుందని ఒప్పుకోవాలి.

బిట్వీన్

డ్రాగన్ ఒకచోటు నుంచి మరో చోటుకు దూకేటప్పుడు దాటే శూన్యాన్ని బిట్వీన్ అంటారు. అక్కడ వెలుతురు లేదు, శబ్దం లేదు, ఎముకలు కొరికే చలి తప్ప ఏ స్పర్శా లేదు. మూడుసార్లు దగ్గేంత సేపు, అంతే. డ్రాగన్‌ను తాకిన థ్రెడ్ ఆ చలికే గడ్డకట్టి రాలిపోతుంది కాబట్టి అదే దానికి రక్షణ కూడా. గర్భిణి బిట్వీన్‌లోకి వెళ్తే గర్భం నిలవకపోవచ్చు.

వెళ్లాల్సిన చోటు చిత్రాన్ని రౌతు తన మనసులో స్పష్టంగా నిలిపి డ్రాగన్‌కు అందించాలి. చిత్రం మసకైతే తిరిగి రావడం ఉండదు. ఈ శక్తిని తొలి రౌతులు కనుక్కున్నదే ఒక మరణంతో. ‘డ్రాగన్స్‌డాన్’లో మార్కో గలియానీ అనే కుర్రాడూ అతని డ్రాగన్ డ్యులూతూ ఒక వాహనాన్ని ఢీకొనబోయి, ప్రాణభయంతో ఉన్నపళంగా బిట్వీన్‌లోకి దూకారు. ఎక్కడికో తెలియకుండా దూకారు, తిరిగి రాలేదు.

చోటునే కాదు, కాలాన్ని కూడా చిత్రంగా ఇవ్వొచ్చు. ‘డ్రాగన్‌ఫ్లైట్’లో లెస్సా ఒక పాత తెర మీద నేసిన బొమ్మను ఆధారం చేసుకుని తన రాణి డ్రాగన్ రామోత్‌తో 400 ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అప్పటి ఐదు వెయిర్ల డ్రాగన్లను తన కాలానికి తీసుకొస్తుంది. ఆ ఐదు వెయిర్లు ఎందుకు ఖాళీ అయ్యాయో ఎవరికీ అంతుచిక్కలేదు. ఖాళీ చేయించింది తానేనని లెస్సాకు అప్పుడే తెలుస్తుంది.

వెయిర్

చల్లారిన అగ్నిపర్వతాల బిలాల్లో డ్రాగన్లూ రౌతులూ ఉండే నివాసం వెయిర్. పాత వెయిర్లు ఆరు: ఫోర్ట్, బెండెన్, హై రీచెస్, ఐగెన్, ఇస్టా, టెల్గార్. రైతులు, పశుకాపరులు రాతికోటల్లాంటి హోల్డుల్లో ఉంటారు. నేత, కమ్మరం, వైద్యం, సంగీతం లాంటి వృత్తులకు వేరే హాళ్లు. వెయిర్ పంట పండించదు. హోల్డులు పన్నుగా పంపే ధాన్యం, పశువులే దానికి ఆధారం. థ్రెడ్ రాలే 50 ఏళ్లూ ఎవరూ గొణగరు. రాలని 200 ఏళ్లలో మాత్రం ఈ తిండిపోతులను ఎందుకు పోషించాలన్న ప్రశ్న మొదలవుతుంది. తొలి నవల అలాంటి చోటే మొదలవుతుంది. మామూలు గడువు దాటి 400 ఏళ్లు థ్రెడ్ రాలకపోవడంతో, ఆరింటిలో ఒకే వెయిర్ మిగిలింది, దాని మాట వినేవారు లేరు.

వెయిర్ నాయకుడిని ఎన్నిక చేయరు, వారసత్వంగా నియమించరు. పెద్ద రాణి ఎదకు వచ్చి ఆకాశానికి లేస్తుంది, కంచు డ్రాగన్లు వెంటపడతాయి. అందుకున్న డ్రాగన్ రౌతు నాయకుడవుతాడు. రాణి రౌతు వెయిర్‌ఉమన్‌గా సమాన అధికారంలో ఉంటుంది. ఇక్కడే శరీరశాస్త్రం నేరుగా రాజకీయం అవుతుంది. ఎదకు వచ్చిన రాణి చంపిన పశువుల నెత్తురే తాగాలి, మాంసం తినకూడదు. కడుపు నిండా తింటే ఒళ్లు బరువెక్కి ఎత్తుకు లేవలేదు. ఎత్తుకు లేవకపోతే గుడ్లు తగ్గుతాయి. ఆ ఆకలి ఉన్మాదంలో ఆమెను ఆపగలిగేది రౌతు సంకల్పం ఒక్కటే. రామోత్ తొలిసారి లేచిన రోజు లెస్సా చేసింది ఇదే. అంతకు ముందున్న జోరా అనే వెయిర్‌ఉమన్‌కు తన మీదే అదుపు లేదు. ఆమె రాణి నెమోర్త్ తిని, కిందికిందే ఎగిరి, కొద్ది గుడ్లే పెడుతూ వచ్చింది. ఒక మనిషి బలహీనత ఒక తరం డ్రాగన్లను తగ్గించేసింది.

డ్రాగన్ ఎదలో ఉన్నప్పుడు ఆ ఉద్రేకం రౌతునూ కమ్మేస్తుంది. రౌతుల సమ్మతి మాటేమిటన్నది తర్వాతి పాఠకులు గట్టిగా వేసిన ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. తొలి నవలల్లో దానికి జవాబు లేదు. అప్పట్లో బలవంతాన్ని ప్రేమగా చూపిన పుటలు ఈనాడు చదవడానికి ఇబ్బందిగానే ఉంటాయి. అదే సమయంలో, ఆకుపచ్చ, నీలి డ్రాగన్ల మగ రౌతుల మధ్య శృంగార సంబంధం ఆ సమాజంలో మామూలు విషయంగా ఉండటం ఆ కాలపు జనప్రియ నవలల్లో అరుదు.

డ్రాగన్ల మధ్య మాత్రం తగవులు లేవు. ఆస్తి లేదు, పదవి లేదు. ఎండలో పడుకోవడం, స్నానం, నూనె, తన మనిషి. రాణి మాటకు మిగతావన్నీ లోబడతాయి. ఒక డ్రాగన్ చనిపోతే గ్రహమంతటా డ్రాగన్లు ఒకేసారి ఏడుస్తాయి. డ్రాగన్ మీద డ్రాగన్ తిరగబడకూడదన్నది రాయని శాసనం. దానికి ఒకే మినహాయింపు, ఒకేసారి ఎదకు వచ్చిన ఇద్దరు రాణులు. ‘డ్రాగన్‌క్వెస్ట్’లో వైరెంత్, ప్రిడిత్ అలా తలపడి రెండూ చనిపోతాయి. వైరెంత్ రౌతు బ్రెక్కీ మతి తప్పే స్థితికి వస్తుంది. ఆమెను నిలబెట్టినవి కాంత్ అనే గోధుమ డ్రాగన్, కొన్ని ఫైర్ లిజార్డులు. తర్వాతి కథలో రామోత్ బంగారు గుడ్డును ఇతర రౌతులు దొంగిలించినప్పుడు డ్రాగన్ల యుద్ధం అంచుకు వచ్చి ఆగుతుంది. జాక్సమ్, రూత్ గుట్టుగా ఆ గుడ్డును తిరిగి తెచ్చి ఇసుక మీద పెట్టేస్తారు.

జ్ఞాపకం, స్వేచ్ఛ

డ్రాగన్లు తెలివైనవి, కానీ వాటికి జ్ఞాపకం తక్కువ. నిన్నటిది నేటికి చెదిరిపోతుంది, ఎప్పటిదో అసలు నిలవదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు జరిగింది అని అడిగితే చాలా డ్రాగన్లు చెప్పలేవు. తాను ఏ కాలంలో ఉన్నాడో రూత్‌కు ఎప్పుడూ తెలుస్తుంది, అందుకే అతను ప్రత్యేకం. పెర్న్ సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఇది అన్నిటికన్నా ముఖ్యమైన జీవలక్షణం. జ్ఞాపకం లేనిచోట పగ నిలవదు, చరిత్ర నిలవదు, ఒప్పందం అడిగే శక్తీ నిలవదు. డ్రాగన్లు పన్ను వసూలు మీద మాట్లాడవు, ఏ పోరుకు వెళ్లాలో నిర్ణయించవు. చరిత్ర దాచేది హార్పర్లు అనే గాయకులు, పాటలుగా. పాటలు మరిచిపోతే మనుషులకూ తెలియదు, డ్రాగన్లకూ తెలియదు.

కిట్టి పింగ్ పనితనానికి ఇది పరాకాష్ఠ. నిప్పుతో పాటు విధేయతను కూడా ఆమె జన్యువుల్లోనే రాసింది. రౌతు లేకుండా బతకలేని సైనికుడు తిరుగుబాటు చేయడు. పెర్న్ నవలలు ఈ బంధాన్ని లోకంలోకెల్లా గొప్ప ప్రేమగా చూపిస్తాయి. ఆ ప్రేమ పాఠకుడి గుండెకు నిజంగానే తగులుతుంది. కానీ వద్దనే అవకాశం లేకుండా పుట్టించిన ప్రేమ అది. మెకాఫ్రీ ఆ ప్రశ్నను ఎదురుగా ఎప్పుడూ నిలబెట్టలేదు. 2006 నుంచి వచ్చిన ‘టెమెరేర్’ నవలల్లో నయోమీ నోవిక్ నిలబెట్టారు. నెపోలియన్ కాలపు ఆ కథలో డ్రాగన్లు జీతం అడుగుతాయి, హక్కులు అడుగుతాయి, తమను కట్టేసే దేశాలను చీనాతో పోల్చి నిలదీస్తాయి. పెర్న్ లేకపోతే ఆ నవలలు ఆ రూపంలో ఉండేవి కావు. డ్రాగన్‌ను ఆలోచించే జీవిగా రాసే దారిలో రెండూ రెండు మజిలీలు, రెండోది ముందుకు వేసిన అడుగు.

థ్రెడ్ తర్వాత

ఒకే పని కోసం పుట్టించిన జాతికి ఆ పని అయిపోతే ఏం మిగులుతుంది? 1991 నాటి ‘ఆల్ ది వెయిర్స్ ఆఫ్ పెర్న్’లో, పూర్వీకులు వదిలిన కంప్యూటర్ సాయంతో, డ్రాగన్లు పాత నౌకల ఇంజన్లను రెడ్ స్టార్ దగ్గరికి మోసుకెళ్తాయి. పేలుడుతో దాని కక్ష్య తప్పుతుంది. నడుస్తున్న విడతతో థ్రెడ్‌కు ముగింపు ఖాయమవుతుంది. వెయిర్లకు గెలుపుతో పాటు భయమూ పుడుతుంది. హోల్డులు ఇక పన్ను ఎందుకు పంపాలి?

2001లో వచ్చిన ‘ది స్కైస్ ఆఫ్ పెర్న్’ దానికి వెతికిన జవాబు ఆసక్తికరం. సముద్రంలో ఉల్క పడి ఉప్పెన లేచినప్పుడు తీరంలోని జనాన్ని ఎత్తుకొచ్చేవి డ్రాగన్లే. తర్వాత ఆకాశాన్ని గమనించి పడబోయే వాటిని ముందే కనిపెట్టే పనికి వెయిర్లు సిద్ధపడతాయి. పులుల్లాంటి అడవి మృగాలు దాడి చేసినప్పుడు డ్రాగన్లు తాకకుండానే వాటిని విసిరేస్తాయి, వస్తువులను మనసుతో కదిలించే శక్తి వాటికి ముందునుంచీ ఉందని అప్పుడు బయటపడుతుంది. డ్రాగన్ మోయగలనని నమ్మినంత బరువు మోస్తుందన్న వెయిర్ పాత మాటకు కూడా ఇదే వివరణ. అంత పెద్ద దేహం ఆ రెక్కలతో ఎలా ఎగురుతోందన్న చిరకాల సందేహమూ కొంత తీరుతుంది.

చదవాలనుకునేవారు కథాకాలం వరుస పట్టుకోవద్దు. ‘డ్రాగన్స్‌డాన్’ కథ కాలంలో మొదటిది, కానీ దాన్ని ముందు చదివితే పెర్న్ జనం మరిచిపోయిన రహస్యాలన్నీ ముందే తెలిసిపోతాయి. పెద్దవాళ్లు ‘డ్రాగన్‌ఫ్లైట్’తో మొదలుపెట్టి ‘డ్రాగన్‌క్వెస్ట్’, ‘ది వైట్ డ్రాగన్’ చదివి, ఆ తర్వాతే వెనక్కి వెళ్లాలి. పిల్లలకైతే ‘డ్రాగన్‌సాంగ్’ ఇవ్వండి. సంగీతం వద్దన్న ఇంటి నుంచి పారిపోయి సముద్రపు గుహలో తొమ్మిది ఫైర్ లిజార్డులకు అమ్మయిన మెనొల్లీ కథ అది. అందులో పైన చెప్పిన ఇబ్బందికర పుటలేవీ లేవు.